స్థానిక మిత్రుడు కావలెను

ఒక సోమవారం పొద్దున ఆ యూనివర్సిటీకి దిగులు పట్టుకుంది.

దిగులుకు కారణం ఒక సర్వే. విదేశాల నుంచి వచ్చి చదువుకుంటున్న పదకొండు వందల నలభైమందిని "ఈ ఊళ్లో మీకు స్నేహితులెవరైనా ఉన్నారా?" అని అడిగారు. పదకొండు వందల ఇరవై ఏడుగురు లేరని రాశారు. ఉన్నారని రాసిన పదముగ్గురిలో తొమ్మిదిమంది రాసింది కుక్కల పేర్లని తరవాత విచారణలో తేలింది. ఇద్దరు ఒకరి పేరు ఒకరు రాసుకున్న విదేశీయులే. ఒకడు తన పళ్ల డాక్టరు పేరు రాశాడు. మిగిలిన ఒక్కడి చేతిరాత ఎవరికీ అర్థం కాలేదు.

మరో చోటైతే ఈ సంగతి విని, నవ్వుకుని, ఎవరి పనికి వాళ్లు పోయేవాళ్లు. ఇది యూరప్‌లో ఉత్తరాన, నది ఒడ్డున, నాలుగు వందల ఏళ్లుగా నడుస్తున్న యూనివర్సిటీ. అక్కడ దిగులు పుడితే దానికి ఒక కమిటీ పుడుతుంది. ఈసారి కాన్పులో కవలలు. మొదటిది స్నేహ సమన్వయ విభాగం, రెండోది నిబంధన పద్నాలుగు.

నిబంధన చిన్నదే. ప్రతి విదేశీ విద్యార్థీ జూన్ ముప్పయ్యో తేదీలోగా ఒక స్థానిక మిత్రుని సంపాదించవలెను. సదరు మిత్రునితో మూడు సమావేశములు, ఒక్కొక్కటి తొంభై నిమిషములకు తగ్గకుండా జరిపి, ఇరువురి సంతకములతో ఫారం సమర్పించవలెను. లేనియెడల జులై ఒకటి నుండి రిజిస్ట్రేషను రద్దగును, కార్డు పనిచేయదు.

చివరి రెండు మాటల దగ్గర పెంచల ప్రసాద్ ఆగాడు. మళ్లీ చదివాడు.

ప్రసాద్‌ది నెల్లూరు జిల్లాలో ఉదయగిరి పక్కన మెట్ట పల్లె. గొడ్డు నాలుగడుగులు వేస్తే చాలు, ఏ కాలు నొప్పో చెప్పేస్తాడు. ఆ చూపే అతన్ని పశువుల డిప్లొమా మీదుగా ఇంత దూరం లాక్కొచ్చింది. యూనివర్సిటీ డెయిరీలో అరవై రెండు ఆవులు. ఏడాదిపాటు వాటి నడకా గిట్టలూ చూసి రాసుకోవడం అతని చదువు. పదకొండు నెలలు రాశాడు. చెవికి 318 అని బిళ్ల ఉన్న చుక్కల ఆవు నిండు చూలుతో ఉంది. ఈనిన తరవాత దాని గిట్టల్లో వచ్చే మార్పు రాస్తేనే లెక్క పూర్తవుతుంది. ఆ కొట్టం గేటు కార్డు పెడితేగాని తెరుచుకోదు. జులై ఒకటిన కార్డు చస్తే పదకొండు నెలల రాతా ఎండుగడ్డితో సమానం.

"యాడ దొరుకుతారు సామీ ఈళ్లు?" అన్నాడు కరీముల్లా, గదిలో ఉల్లిపాయలు తరుగుతూ. కావలి కుర్రవాడు, కంప్యూటర్లు చదువుతున్నాడు. ప్రసాద్ రోజంతా మాట్లాడని మాటలు కూడా తనే మాట్లాడి సరిచేస్తుంటాడు. "మూడేళ్ల నించి ఎదురు గదిలో ఉండాడు, ఆ పిల్లోడు. నేను తలుపు తెరస్తే వాడు మూస్తాడు, వాడు తెరస్తే నేను మూస్తా. అదే మా స్నేహం. ఫారంలో రాస్తే ఒప్పుకుంటారంటావా?"

"నాకు ఒకాయన ఉండాడులే," అన్నాడు ప్రసాద్.

"నీకా! ఎవరబ్బా?"

"హెన్నింగ్."

డెయిరీలో ఆవుల్ని చూసుకునే మనిషి హెన్నింగ్. అరవై దాటాయి. ప్రసాద్ కొట్టంలోకి వచ్చిన మొదటి రోజు ఆవు దగ్గరికి ఎదురుగా పోకుండా పక్కగా పోయి, తోక మొదట్లో గోకడం ఆయన చూశాడు. గోడవారనున్న బల్ల మీద జానెడు పక్కకు జరిగాడు. ప్రసాద్ వెళ్లి కూర్చున్నాడు. ఆనాటి నుంచి పాలు పితికే యంత్రాల పని అయిపోయాక రోజూ ఇద్దరూ ఆ బల్ల మీద రెండు గంటలు కూర్చుంటారు. ఆవుల్ని చూస్తారు. పదకొండు నెలల్లో వాళ్లు మాట్లాడుకున్నవన్నీ రాస్తే ఒక పోస్టుకార్డు నిండదు. ఆ కార్డులోనే ఆయన నది అవతల పుట్టిన సంగతీ, భార్య పోయిన సంగతీ, 318 తల్లి మహా పెంకి ఘటమన్న సంగతీ అన్నీ ఉన్నాయి.

స్నేహ సమన్వయ విభాగం రెండో అంతస్తులో ఉంది. వరండాలో నేల మీద పసుపురంగు హృదయాలు వేసి, ఒక్కొక్క హృదయం మీద ఒక్కొక్కరే నిలబడాలని రాశారు. గోడ మీద నవ్వుతున్న మనుషుల బొమ్మ, కింద అక్షరాలు: "స్నేహం సహజమైనది. ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోండి." ప్రసాద్ రెండున్నర గంటలు హృదయాల మీద నిలబడి, గోడలకున్న నియమావళి మొత్తం చదివాడు. సంతలో పశువుల్ని కూడా ఇంత వరసగా నిలబెట్టలేరని అనుకున్నాడు.

విభాగానికి అధిపతి డాక్టర్ కెస్లర్. చాలా మర్యాద గల మనిషి. కాదని చెప్పేముందు తప్పకుండా నవ్వుతుంది.

"మిత్రుని జన్మస్థలం?"

"నది అవతల. నాలుగు కిలోమీటర్లు."

ఆమె నవ్వింది. "విచారిస్తున్నాను. స్థానికుడనగా పురపాలక పరిధిలో జన్మించినవాడు."

"నలభై ఒక్క ఏళ్లుగా ఇక్కడే ఉన్నాడు కదండీ."

"నివసించుట వేరు, స్థానికత వేరు. ఆయన దీర్ఘకాలిక సందర్శకుడు."

"భార్య ఈ ఊరి మనిషే. ఇక్కడే పాతిపెట్టారు."

డాక్టర్ కెస్లర్ కంప్యూటరులో చూసింది. "అవును. ఆ దివంగతురాలు అన్ని విధాలా అర్హురాలు. అయితే ఆమె ప్రస్తుతం సంతకం చేయగల స్థితిలో లేరు."

బయటికి వచ్చేటప్పుడు అతని చేతిలో కేటాయింపు చీటీ ఉంది. సొంతంగా మిత్రుని సంపాదించుకోలేని వారికి యూనివర్సిటీయే సమకూరుస్తుంది. ప్రసాద్‌కు వచ్చినవాడు అధికార మిత్రుడు సంఖ్య ఏడు, పేరు లూకాస్, వయసు ఇరవైనాలుగు. పదకొండుమంది విద్యార్థులకు ఉమ్మడి.

కరీముల్లాకు ఎనభై రెండేళ్ల ముసలమ్మ వచ్చింది. "మొదటి సమావేశంలో చెత్త బుట్టలు కిందికి మోపించింది. రెండోదాంట్లో కిటికీలు తుడిపించింది. మా అవ్వ గుర్తొచ్చిందబ్బా," అన్నాడు కరీముల్లా కళ్లు తుడుచుకుంటూ. అయితే అది ఉల్లిపాయల వేళ.

లూకాస్ మంచివాడు. నారింజరంగు కోటు, మెడలో "మిత్రుడు" అన్న బిళ్ల. కాఫీ హోటల్లో ఎదురుగా కూర్చుని బల్ల మీద గడియారం పెట్టాడు. జేబులోంచి కాగితం తీశాడు.

"వాతావరణం పద్దెనిమిది నిమిషాలు, సైకిళ్లు ముప్పై, రొట్టెలు ముప్పై, మిగతాది ఆకస్మిక సంభాషణ. ప్రారంభిద్దామా?"

ప్రసాద్ కిటికీలోంచి బయటికి చూశాడు. "వాన పడుతోంది," అన్నాడు.

లూకాస్ రాసుకున్నాడు. మిగతా పదిహేడు నిమిషాలు ఇద్దరూ వాన చూశారు. లూకాస్ కోటు గుండీ విప్పాడు, పెట్టుకున్నాడు.

"రొట్టెల గురించి మీకేమైనా అభిప్రాయం ఉందా?"

"ఉంది."

"దయచేసి చెప్పండి."

"గట్టిగా ఉంది."

రెండో సమావేశం కూడా ఇలాగే సాఫీగా గడిచింది. మూడోది జూన్ పదో తేదీ. ఆరోజు పొద్దున ఫోనులో సందేశం వచ్చింది: "మీ మిత్రునికి అస్వస్థత. సమావేశం వాయిదా."

ప్రసాద్ లేచి స్టవ్ వెలిగించాడు. మిరియాలూ జీలకర్రా దంచి, చింతపండు పిసికి, చారు కాచి, మూత గట్టిగా పట్టే డబ్బాలో పోశాడు.

"యాడికి?" అన్నాడు కరీముల్లా.

"ఆ పిల్లోడికి బాగలేదంట."

"పోబాక సామీ! ఈడ చెప్పకుండా తలుపు కొడితే పోలీసుల్ని పిలస్తారు. అపాయింట్‌మెంట్ తీసుకో."

"జరమొచ్చినోణ్ణి చూసేదానికి చెప్పి పొయ్యేది ఏందబ్బా? తగ్గినాక పొయ్యేదా?"

కరీముల్లా డబ్బా మూత ఇంకోసారి నొక్కి చూసి చేతికిచ్చాడు.

కేటాయింపు చీటీలో ఉన్న చిరునామా ప్రకారం లూకాస్ మూడో అంతస్తులో ఉంటాడు. తలుపు తెరిచేసరికి ప్రసాద్ చెయ్యి తిరగేసి అతని మెడ కింద పెట్టి చూశాడు. "జరం లేదే," అన్నాడు. నిజమే, లేదు. డాక్టరు రాసిచ్చిన కాగితంలో ఉన్న జబ్బు స్నేహశ్రమ. పదకొండుమందితో రొట్టెల గురించి మాట్లాడి మాట్లాడి లూకాస్‌కు నిద్ర పట్టడం లేదు, గొంతు పూడుకుపోయింది. ప్రసాద్ వంటింట్లోకి వెళ్లి, అరలో వెతికి, గ్లాసు తీసి, చారు పోసి చేతికిచ్చాడు.

"తాగు."

లూకాస్ తాగాడు. కళ్లల్లోంచీ ముక్కులోంచీ ధారలు కారాయి. ఇంకో గ్లాసు అడిగాడు. ప్రసాద్ మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ఏమీ మాట్లాడలేదు. వాతావరణం గురించి కూడా మాట్లాడలేదు. కాసేపటికి లూకాస్ నిద్రపోయాడు. ప్రసాద్ గ్లాసు కడిగిపెట్టి వచ్చేశాడు.

ఎదురింటావిడ మాత్రం, తెరిచిన తలుపులోంచి, గ్లాసు పట్టుకుని ఏడుస్తున్న లూకాస్‌ను చూసింది. ఫోను చేసింది.

విచారణ వారం తరవాత జరిగింది. పొడుగాటి బల్లకు అటువైపు ఐదుగురు, మధ్యలో డాక్టర్ కెస్లర్, ఆమె ముందు సీలు వేసిన సంచీలో ఖాళీ చారు డబ్బా.

"ముందస్తు సమాచారం లేకుండా ఆగమనం. మిత్రుని మెడను తాకుట. మిత్రుని అరను తెరచుట. పదార్థముల పట్టిక అతికించని ఉష్ణద్రవమును తాగించుట. ఇవి నాలుగూ వాస్తవమేనా?"

"అవునండీ."

"దేనికొరకు?"

ప్రసాద్ ఆలోచించాడు. ఎంత ఆలోచించినా ఒకటే తోచింది. "బాగలేదన్నారు కదండీ."

కమిటీలో గొడవ దాని మీద రాలేదు. అతను అక్కడ నలభై ఏడు నిమిషాలు ఉన్నట్టు ఎదురింటావిడ రాసిచ్చింది. అది సమావేశమా, కాదా? సమావేశమైతే నలభై మూడు నిమిషాలు తక్కువ. కాకపోతే అక్రమ ప్రవేశం. అందులోనూ మిత్రుడు నిద్రపోయిన సమయాన్ని స్నేహంగా లెక్కించవచ్చా? రెండు గంటలు వాదించి, నిద్రపై ఉపసంఘం వేశారు.

చివరికి లూకాస్‌ను పిలిచారు.

"ఈ సంఘటనలో మీకు కలిగిన బాధను మీ మాటల్లో వివరించండి."

లూకాస్ బూట్ల వైపు చూసుకున్నాడు. "ముక్కు తెరుచుకుంది," అన్నాడు. తలెత్తి, "నాకు బాగలేనప్పుడు మా ఇంటికి ఎవరూ రాలేదు ఇంతవరకూ. ఆయన వచ్చాడు. నాకు బాగనిపించింది," అన్నాడు.

ఐదుగురూ అది రాసుకున్నారు.

"అంటే," డాక్టర్ కెస్లర్ నవ్వింది, "అధికార మిత్రునికి విద్యార్థిపై విధి పరిధిని మించిన ఆత్మీయత ఏర్పడిందా?"

"ఏర్పడిందనుకుంటాను."

అతని బిళ్ల అక్కడికక్కడే తీసేసుకున్నారు.

బిళ్ల రద్దు చేయాలంటే పుట్టిన ఆధారం జత చేయాలి. అది తెప్పించి చూస్తే లూకాస్ పక్క పట్నంలో పుట్టినట్టు తేలింది. ఇంకెవరైనా ఉన్నారేమోనని మిగతా కాగితాలూ తెప్పించారు. ఈ ఊరి ఆసుపత్రిలో కాన్పుల వార్డు ఇరవై ఆరేళ్ల కిందటే మూసేశారు. ఆ తరవాతి పిల్లలంతా పక్క పట్నంలోనే పుట్టారు. అధికార మిత్రులైన కుర్రవాళ్లలో ఒక్కడూ స్థానికుడు కాడు. వాళ్లతో జరిగిన సమావేశాలన్నీ చెల్లవు. కరీముల్లా ముసలమ్మ ఒక్కతే అచ్చమైన స్థానికురాలు, కానీ ఆమెకు ఈలోగా ఇల్లు తళతళలాడుతోంది కాబట్టి స్నేహం విరమించుకుంది.

జూన్ ఇరవై. పది రోజులుంది. ప్రసాద్ చేతిలో సున్నా సమావేశాలు. కొట్టంలో 318 పొదుగు దిగుతోంది.

యూనివర్సిటీ వాళ్లు తప్పు జరిగిందని ఒప్పుకున్నారు. స్థానికతను పుట్టుకతో కొలవడం సంకుచితమనీ, ఇకపై విజ్ఞానంతో కొలుస్తామనీ ప్రకటించారు. ఇరవై ఐదున స్థానికతా పరీక్ష. అరవై ప్రశ్నలు, యాభై వస్తే స్థానికుడు. సమానత్వం కోసం నిబంధన పద్నాలుగును అందరికీ వర్తింపజేశారు. విద్యార్థులు, ప్రొఫెసర్లు, వంటవాళ్లు, ఆవులు కాసేవాళ్లు, అందరూ రాయాలి. తప్పినవారు మిత్రుని చూపాలి. చూపకపోతే కార్డు పనిచేయదు. ప్రశ్నపత్రం రాజధాని నుంచి వచ్చిన నిపుణులు తయారుచేశారు.

పరీక్ష హాలులో ప్రసాద్ ప్రశ్నలు చూశాడు. మెట్ల మీద పొరుగువారు ఎదురైన యెడల ఏమి చేయవలెను? తల ఆడించాలి, ఆగకూడదు అని రాశాడు. బల్ల మీద ఒకరు కూర్చుని ఉండగా మీరు కూర్చోవలసి వచ్చిన యెడల? ఆయన జరిగేదాకా నిలబడాలి. జరిగిన తరవాత ఎంతసేపటికి సంభాషణ ప్రారంభించవలెను? అవసరం లేదు. పదకొండు నెలలుగా చేస్తున్నదే రాసుకుంటూ పోయాడు. నియమావళి మీది ప్రశ్నలకు హృదయాల మీద నిలబడి చదివిన గోడలన్నీ గుర్తొచ్చాయి.

రెండు వరసల ముందు హెన్నింగ్ కాగితం మీద పేరు రాసి, పెన్సిలు పక్కన పెట్టి, మూడు గంటలూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

ఇరవై ఎనిమిదిన ఫలితాలు వచ్చాయి. రాసింది ఆరువేల మంది. నెగ్గింది ఒక్కడు.

"నువ్వా!" అన్నాడు కరీముల్లా. "పొరుగోడు ఎదురైతే ఇంటికి పిలిచి టీ ఇయ్యాలని రాసినానబ్బా నేను. సున్నా వేసుండారు. ఇంక నువ్వు ఈ ఊరి పెద్దమనిషివి. మమ్మల్ని యాడ గుర్తుపెట్టుకుంటావులే!"

ప్రసాద్ కార్డు ఆ క్షణం నుంచి శాశ్వతంగా పనిచేస్తుంది. ఊళ్లో ఏకైక స్థానికుడిగా నమోదయ్యాడు. మర్నాడు డాక్టర్ కెస్లర్ స్వయంగా కొట్టం దగ్గరికి వచ్చింది. బూట్లకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుంది. ఆమెకు పరీక్షలో ఇరవై తొమ్మిది వచ్చాయి.

"అభినందనలు. నియమం ప్రకారం ఒక స్థానికునికి పదకొండుమంది మిత్రుల సామర్థ్యం. మిగిలినవారికి గడువు పొడిగించు విషయం వేసవి సెలవుల అనంతరం పరిశీలించబడుతుంది. పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా మొదటి స్థానంలో నా పేరు..."

"మొదట హెన్నింగ్," అన్నాడు ప్రసాద్.

"కాని, ప్రాధాన్య క్రమము..."

"ఎల్లుండి ఆయన కార్డు ఆగిపోతుంది. ఆవు ఈనబోతోంది. గేటు బయట నిలబడి ఎట్లా ఈనిస్తాడండీ?"

ఆమె నియమావళి తిరగేసింది. అందులో ఆవుల గురించి ఏమీ లేదు. చివరికి వరస కట్టాడు ప్రసాద్: హెన్నింగ్, కరీముల్లా, లూకాస్, వరండాలో పసుపు హృదయాల మీద తనతోపాటు నిలబడి మొహాలు గుర్తున్న ఎనిమిదిమంది. డాక్టర్ కెస్లర్‌కు పన్నెండో చీటీ వచ్చింది. దాన్ని పట్టుకుని గేటు దగ్గర నిలబడింది, నేల మీద హృదయం లేకపోయినా.

హెన్నింగ్ బల్ల మీద ఉన్నాడు. జానెడు జరిగాడు. ప్రసాద్ కూర్చుని ఫారం ఇచ్చాడు. హెన్నింగ్ కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు.

"తొంభై నిమిషాలేనా?" అన్నాడు.

"మూడు సార్లు. మధ్యలో పది నిమిషాలు లేవాలి."

"సరే."

కూర్చున్నారు. తొంభై నిమిషాలకు లేచి ఆవులకు మేత వేశారు. మళ్లీ కూర్చున్నారు. మళ్లీ లేచి 318 కింద కొత్త గడ్డి పరిచారు. మూడోసారి కూర్చున్నారు. అయ్యాక ప్రసాద్ మోకాలి మీద పెట్టుకుని ఫారం నింపాడు. చర్చించిన అంశములు: ఆవు. అభిప్రాయభేదములు: లేవు.

ఒక గడి దగ్గర కలం ఆగింది. స్నేహము ప్రారంభమైన తేదీ. కింద చిన్న అక్షరాల్లో ఉంది: కేటాయింపునకు ముందు తేదీ ఉన్న యెడల అది నమోదుకాని స్నేహముగా పరిగణింపబడి ఇరువురిపై చర్య తీసుకొనబడును.

హెన్నింగ్ కూడా ఆ గడి చదివాడు. ఆవుల వైపు చూశాడు. గేటు దగ్గర చీటీ పట్టుకుని నిలబడ్డ అధికారిణి వైపు చూశాడు. తరవాత లేచి, అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, ముందుకు చాపాడు.

"నా పేరు హెన్నింగ్."

ప్రసాద్ కూడా లేచాడు. "ప్రసాద్. ఉదయగిరి దగ్గర."

"కలుసుకోవడం సంతోషం."

"నాకూ సంతోషం."

పదకొండు నెలల్లో చేతులు కలపడం అదే మొదటిసారి. ప్రసాద్ ఆరోజు తేదీ వేశాడు. ఇద్దరూ సంతకాలు పెట్టి, ఫారానికి ఫోనుతో ఫొటో తీసి పంపారు. హెన్నింగ్ జేబులో ఫోను టింగుమంది. తీసి, కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. "అభినందనలు! మీకొక స్నేహితుడు లభించాడు."

"ఎవరట?" అన్నాడు హెన్నింగ్.

"పేరు రాయలేదు," అన్నాడు ప్రసాద్.

అప్పటికే 318 తోక ఎత్తి, వెనక కాళ్లు ఎడం చేసి నిలబడింది. ఇద్దరూ చొక్కా చేతులు మడుచుకుంటూ, ఎదురుగా కాకుండా పక్కగా, దాని దగ్గరికి నడిచారు.